నన్ను ఓడగొట్టే హక్కు మీకుండాలె

(హన్మకొండలో కాలనీ సంక్షేమ సంఘాలు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక కార్పొరేటర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికి నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు కూసున్న అక్కచెల్లెండ్లకు, గోడకానుకొని నిలబడ్డ తమ్ముళ్లకు. పక్క గదిల ఇంక కొన్ని కుర్చీలున్నయట, తెచ్చుకోండ్రి. నేను తొందరగ దిగేదాన్ని కాదు.

సంఘం అధ్యక్షులు మొన్న ఫోన్ చేసి, "అమ్మా, మల్ల నిలబడుతున్నవట, ఎందుకు నిలబడుతున్నవో వచ్చి చెప్పు, మంచిగుంటే చప్పట్లు కొడతం, లేకపోతే చాయ్ తాగి పోతం" అన్నరు. సరే అన్న. అయితే ఇయ్యాల నేను వేసిన సీసీ రోడ్లు, పెట్టించిన లైట్ల లెక్క చదవను. ఆ పాంప్లెట్ ఎట్లాగూ మీ గేట్లల్ల పడతది. నేను చెప్పాలనుకున్నది వేరే ముచ్చట. ఒక కార్పొరేటర్ రెండోసారి ఓట్లకు వచ్చుడు నాకు అవసరమా, మీకు అవసరమా? మీకే ఎక్కువ అవసరమని నేనంట. నవ్వుతున్నరు. నవ్వండ్రి, గని ఇనుండ్రి.

మన వరంగల్ బల్దియా, అంటే మున్సిపాలిటీ, 1994ల కార్పొరేషన్ అయింది. 2005ల గెలిచిన పాలకవర్గం గడువు 2010ల తీరిపోయింది. మల్ల ఓట్లు ఎప్పుడు పడ్డయి? 2016 మార్చి 6న. నడుమల ఐదేండ్ల పైచిలుకు ప్రత్యేక అధికారులే ఏలిన్రు. ఆ నడుమనే చుట్టుపక్కల 42 ఊర్లను తెచ్చి పట్నంల కలిపిన్రు. ఆ ఊర్లోళ్లకు అటు సర్పంచ్ లేడు, ఇటు కార్పొరేటర్ లేడు. ఇంటి పన్ను మాత్రం పట్నం లెక్కన మొదలైంది. నల్లా రాకపోతే ఎవరి ఇంటి ముందు పోయి నిలబడాలె? అధికారి మంచోడే కావచ్చు. గని ఆయన బదిలీ మీద వచ్చిండు, బదిలీ మీద పోతడు. మీ వాడకట్టుల ఆయనకు పని లేదు.

ఇది మన ఒక్కరి ముచ్చటే కాదు. కరీంనగర్, రామగుండం, నిజామాబాద్‌ల 2020 జనవరిల ఓట్లయినయి, 2025 జనవరిల గడువు అయిపోయింది, అయిపోయిన వెంటనే ఎన్నికలు పెట్టలే, ప్రత్యేక అధికారుల చేతికి పోయినయి. రాజ్యాంగంల 243-యు అధికరణం సాఫ్‌గ చెప్తది: ఐదేండ్లే గడువు, అది తీరకముందే మల్ల ఎన్నిక జరిగి ఉండాలె. అసెంబ్లీ ఎన్నికలు ఒక్క నెల ఎనకకు పోతే టీవీలల్ల లొల్లి లొల్లి అయితది. బల్దియా ఎన్నికలు ఏండ్లకేండ్లు ఎనకకు పోతే ఎవ్వరికీ పట్టదు.

ఇగ మన సంగతికి వద్దాం. 2016ల మనకు 58 డివిజన్లు. 2021 ఏప్రిల్ 30న ఓట్లేసినప్పుడు 66. కరోనా రెండో అల యాదికుందా, మాస్కులు పెట్టుకొని తిరిగినం, నా మొఖం సగం మంది చూడనే లేదు, గుర్తు చూసి వేసిన్రు. సరే, 58 కాస్తా 66 అయినయంటే వట్టిగ ఎనిమిది పెరిగినయని అనుకోవద్దు. గీతలన్ని మల్ల గీసుడే. నంబర్లు మారినయి. ఒక డివిజన్‌ల రెండు బస్తీలు తీసి పక్కదాంట్ల వేసిన్రు, పక్కదాంట్ల నుంచి నాలుగు గల్లీలు తెచ్చి ఇందుల కలిపిన్రు. హన్మకొండల, కాశీబుగ్గల, కరీమాబాద్‌ల, కాజీపేటల ఏ పాత కార్పొరేటర్‌నన్న అడగుండ్రి, "మా వాళ్లు సగం అవుతల పడ్డరు" అంటరు. ఒక గల్లీల కుడిపక్క ఇండ్లు ఒక డివిజన్, ఎడమపక్క ఇండ్లు ఇంకో డివిజన్. ఎడమపక్కోళ్ల మోరీ నిండితే కుడిపక్కకే పొంగుతది, నీళ్లకు డివిజన్ నంబర్ తెల్వదాయె.

దీనివల్ల ఏమైతది? 2016ల గెలిచినాయన పని మంచిగ చేసిండో చెడ్డగ చేసిండో చూసిన ఓటర్లల్ల సగం మందికి 2021ల ఆయన మీద ఓటేసే వీలే లేకపాయె. మంచిగ చేస్తే మెచ్చుకునే వీలు లేదు, చెడగొడితే ఇంటికి పంపే వీలు లేదు. ఆయనకు కొత్తగ కలిసిన గల్లీలోళ్లకేమో ఆయన చేసింది తెల్వదు. ఇగ దేన్ని చూసి వేస్తరు? గుర్తు చూసి వేస్తరు, కులం చూసి వేస్తరు, రాత్రి కవర్ల ఏమొచ్చిందో చూసి వేస్తరు.

దీనికి తోడు రిజర్వేషన్. నేను రిజర్వేషన్‌కు వ్యతిరేకం కాదు, ఆ మాట ముందే చెప్తున్న. మన రాష్ట్రంల పట్టణాలల్ల సగం సీట్లు ఆడోళ్లకు ఇచ్చిన్రు గనుకనే నేను ఈ మైకు ముందున్న. నా డివిజన్ మహిళ జనరల్, అంటే ఏ కులం ఆడోళ్లైన నిలబడే సీటు, కాకపోయి ఉంటే నాకు పార్టీ టికెట్ కాగితం, బీ-ఫారం, ఇచ్చేటోడు ఈ ఊర్ల పుట్టలేదు. గని ఒక సంగతి చూడండ్రి. మహిళకు రిజర్వ్ అయిన సీటు రేపు జనరల్ అయిందనుకోండ్రి, ఆ డివిజన్‌ల మొదటి మాట ఏం వస్తది? "ఇగ మేడం పని అయిపోయింది. సార్ నిలబడతడు కావచ్చు." జనరల్ అంటే మగోళ్లదని ఏ చట్టంల రాసి ఉన్నది? జనరల్‌ల ఆడమనిషి నిలబడొచ్చు, బీసీ నిలబడొచ్చు, ఎస్సీ నిలబడొచ్చు, ఎస్టీ నిలబడొచ్చు. పార్టీలకు ఈ సంగతి తెల్వక కాదు, వాళ్ల లెక్క వేరే. ఐదేండ్లు మోరీల పొంట, నాలాల పొంట తిరిగి పని నేర్చుకున్న ఆడమనిషిని పక్కకు కూసోపెట్టి, కొత్త మగమనిషిని తెస్తరు. ఆయనకు ఎస్టిమేట్ అంటే ఏందో, ఎజెండా అంటే ఏందో తెలిసేటప్పటికి రెండేండ్లు పోతది. తెలిసినంక సీటు మల్ల మహిళ అయితది.

ఆ "సార్" ముచ్చట వచ్చింది గనుక చెప్పుత. గెలిచిన కొత్తల నా ఫోన్ మోగితే ఎత్తి "హలో" అంటే, "అమ్మా, కార్పొరేటర్ సాబ్‌కు ఇయ్యి" అనేటోళ్లు. నేనే కార్పొరేటర్‌ను అంటే ఒక నిమిషం సప్పుడు ఉండకపోయేది. తర్వాత "సార్ లేడా మేడం" అని మెల్లగ అడిగేటోళ్లు. మా ఆయన స్కూల్ టీచరు. పిల్లల పేపర్లు దిద్దుకుంట కూసున్న మనిషికి స్తంభం మీద లైటు పోయిందని చెప్తే ఏం చేస్తడు? ఆయనే అనేటోడు, "నన్ను ఇందులకు గుంజకుండ్రి" అని. ఇప్పుడు ఆ ఫోన్లు తగ్గినయి. తగ్గుడుకు ఐదేండ్లు పట్టింది. రేపు నా జాగల ఇంకో ఆడామె వస్తే ఆమె ఫోన్‌కు మల్ల "సాబ్‌కు ఇయ్యి" అనే వస్తది.

ఇగ టికెట్. దీని గురించి ఎక్కువ చెప్పను, పేపర్లల్ల రోజు చదువుతున్నరు. సర్వేలు, హైదరాబాద్ తిరుగుడు, నామినేషన్లు, రెబల్స్, బుజ్జగింపులు, ఉపసంహరణ నాడు మూడు గంటలదాక ఉరుకులాట. ఒక్క మాట మాత్రం అర్థం చేసుకోండ్రి. మేయర్‌ను మీరు నేరుగ ఎన్నుకోరు, మేం కార్పొరేటర్లం, ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే పదవి వల్ల సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి చేతులెత్తి ఎన్నుకుంటం, అది కూడ పార్టీ విప్, అంటే పార్టీ హుకుం ప్రకారం. అంటే పార్టీకి కావలసింది ఆ రోజు చెయ్యెత్తే మనిషి. మీకు కావలసింది మోరీ నిండితే వచ్చే మనిషి. ఇద్దరూ ఒక్కరే కావాలని ఏం లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట, మోరీ ముచ్చట. కార్పొరేటర్ పనంటే చానమందికి అర్థమయ్యేది ఇక్కడే. నేను చెక్కు మీద సంతకం పెట్టను. అది కమిషనర్ పని. నేను కాగితం రాసి ఇస్త, ఏఈ, అంటే ఇంజనీరు, వచ్చి చూస్తడు, ఎస్టిమేట్ వేస్తడు, అది ఆయన పై ఇంజనీర్లు డీఈ, ఈఈ మీదుగ పైకి పోతది, మంజూరైతది, టెండరైతది, ఏ గుత్తేదారూ రాకపోతే మల్ల టెండరైతది. నా చేతుల ఉన్నది ఎంబడి పడుడు. ఎంబడి పడుడే కార్పొరేటర్‌గిరి.

ఒక గల్లీ అనుకోండ్రి. పేరు చెప్పను, ఆ గల్లీ మనుషులు ఇక్కడ ఉన్నరు, నవ్వుకుంటున్నరు కూడ. వానపడితే మూల మీద మోకాళ్లలోతు నీళ్లు. ఏఈ వచ్చిండు, ఇద్దరు పనోళ్లు టేపు పట్టిన్రు, దారం కట్టి లెవెల్ చూసిన్రు. మోరీ అడుగు పైకొసల లోతుగున్నది, నీళ్లు పోవలసిన కింది కొసల జానెడు ఎత్తుగున్నది. నీళ్లు ఎత్తు మీదికి ఎట్ల పోతయి? ఎవరు కట్టినప్పుడు అట్ల కట్టిన్రో దేవునికి ఎరుక. అందుకని మొత్తం తవ్వి మల్ల పోయాలె. తవ్వాలంటే ఏమున్నయి మోరీ మీద? ప్రతి ఇంటి ముందు ర్యాంపు. కారు ఎక్కేటందుకు ఒకటి, బండి ఎక్కేటందుకు ఒకటి. ఒక ఇంటి ముందు కడపబండలు పరిచి అరుగు కట్టుకున్నరు, సాయంత్రం ముసలమ్మ దాని మీద కూసొని బియ్యం ఏరుకుంటది. ఇంకో ఇంటాయన మోరీ మీదనే తులసికోట కట్టుకున్నడు, మెట్లు కూడ కట్టిండు దానికి.

జేసీబీ వచ్చిన రోజు నేను పొద్దుగాల ఆరుగంటలకే పోయిన, బల్దియా జవాన్లు కూడ వచ్చిన్రు. ముసలమ్మ నా చెయ్యి పట్టుకున్నది. తిట్టలే. "బిడ్డా, నీకే ఓటేసిన గదనే" అన్నది. తిడితే మంచిగుండు. నేనామె పక్కన ఆ అరుగు మీదనే కూసున్న, కింద చూపెట్టిన: బండ కింద మోరీల పాలిథిన్ కవర్లు, కొబ్బరిబోండాలు, ఒక పాత చాప, అన్ని ఒక్కకాడ కుప్ప. తీసే తొవ్వ లేదు, పైన అరుగున్నది. ఆమె చూసింది. చూసి, "అయితే తీయి, గని మల్ల కట్టియ్యాలె" అన్నది. కట్టియ్యలేనమ్మా అన్న. మోరీ మీద జారేసి తీసే పలకలు వేస్తరు, అరుగు రాదు.

ఇప్పుడు ఓటు లెక్క చూడండ్రి. ర్యాంపు పోయిన ఇల్లు నాకు ఓటెయ్యదు. అరుగు పోయిన ఇల్లు ఎయ్యదు. తులసికోట పోయినాయన ఎయ్యడు సరికదా, నా మీద పది ఇండ్లు తిరిగి చెప్పుతడు. నీళ్లు నిలవని ఇండ్లోళ్లు ఎయ్యాలె గదా? వాళ్లు మరిచిపోతరు. నీళ్లు రానిది ఎవరికి యాదికుంటది? వచ్చినప్పుడే యాదికుంటది. అందుకే మా కార్పొరేటర్లల్ల ఒక లెక్క నడుస్తది: గెలిచిన మొదటి ఏడాది మోరీలు తోడుకోవాలె, ఆఖరి ఏడాది సీసీ రోడ్లు పోసుకోవాలె, కొబ్బరికాయలు కొట్టాలె. ఇది చిల్లర లెక్కే కావచ్చు. గని ఇందుల ఒక మంచి ఉన్నది. రెండోసారి రావాలనుకున్నోడు గనుకనే మొదటి ఏడాది తోడిండు. రాననుకున్నోడు ఎందుకు తోడుతడు? ఆ ముసలమ్మ మాట ఎందుకు పడతడు? ఏ ర్యాంపూ ముట్టడు, అందరితోని మంచిగుంటడు, ఐదేండ్లు నీళ్లు అక్కడనే ఉంటయి.

అవి ఎట్లుంటయో మనకు చెప్పుడు అవసరం లేదు. 2020 ఆగస్టు వానలు యాదికున్నయి. నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు, సమ్మయ్యనగర్ ఎట్ల మునిగినయో చూసినం. నాలాల మీది కట్టడాలు తీసేస్తమన్నరు. 2023 జులైల మల్ల మునిగినం, ఆ నెల ఆఖరుకు భద్రకాళి చెరువు కట్ట కూడ తెగింది. తర్వాత నయీంనగర్ బ్రిడ్జి పాతది కూలగొట్టి కొత్తది కట్టిన్రు, నాలా వెడల్పు చేసిన్రు, భద్రకాళి చెరువు నీళ్లు తీసి పూడిక తవ్వుడు మొదలైంది. 2025 అక్టోబర్‌ల మొంథా తుఫాను నాడు? మల్ల పడవలే. నాలా మీద ఒక్క కట్టడం తీయాలంటే ఒక కార్పొరేటర్‌కు ఒక ఓటు బ్యాంకు పోతది. అటువంటి పని ఐదేండ్లల్ల తెగదు. మొదలుపెట్టినోడే మల్ల వచ్చి పూర్తి చేయాలె, లేకుంటే "ఎందుకు చేయలే" అని మీరు అడిగేటందుకు అదే మనిషి మీ ముందు నిలబడాలె. ఐదేండ్లకోసారి మనిషి మారితే ప్రతోడు ఒకటే మాట చెప్తడు, "అది పోయినోళ్ల తప్పు". ఏరు దాటి తెప్ప తగలేసినోళ్లను మీరు ఎక్కడని పట్టుకుంటరు?

పైసల మాట కూడ ఇందులనే ఉన్నది. నేను నా డివిజన్‌ల పైసలు పంచలేదంటే మీరు నమ్ముతరో లేదో, అది మీ ఇష్టం. గని ఒక్కటి ఆలోచించండ్రి. భూమి అమ్మి, అప్పు తెచ్చి గెలిచినోడు, తనకు రెండో మోక లేదని తెలిసినోడు, పెట్టింది ఎన్నేండ్లల్ల తీసుకోవాలె? ఐదేండ్లల్లనే. ఇగ ఎక్కడ స్లాబు పడుతున్నదో, ఎక్కడ బోరు పడుతున్నదో అక్కడ ప్రత్యక్షమైతడు. జనం దీన్ని జోకులుగ చెప్పుకుంటున్నరు, నేను కూడ నవ్విన. నవ్వుడు తప్ప ఏం చేయలేకపోతున్నం, అదే బాధ.

నేను ఎవరికెవరికి జవాబు చెప్పాలో చూడండ్రి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు మా మీద చర్య తీసుకునే అధికారం ఉన్నది. నాటిన మొక్కల్ల 85 శాతం బతకకపోతే పదవి పోతదని ఆ చట్టంల రాసిన్రు. బడ్జెట్‌ల పదో వంతు పచ్చదనానికే పెట్టాలని కూడ రాసిన్రు. మంచిదే. పార్టీకి జవాబు చెప్పాలె, విప్ ఉన్నది. ఇవన్ని పైకి చెప్పే జవాబులు. కిందికి, అంటే మీకు, జవాబు చెప్పేటందుకు ఏమున్నది? నడుమల నన్ను దించే వీలు మీకు లేదు. ఒక్కటే తొవ్వ: నేను మల్ల మీ ముందుకు వచ్చుడు, మీరు వేసుడో, వేయకపోవుడో. ఆ ఒక్క తొవ్వ కూడ బందైతే ఇగ నేను మొక్కలకు జవాబుదారీ, మనుషులకు కాదు.

అదే చట్టంల ఇంకొకటున్నది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి వార్డుకు, అంటే డివిజన్‌కు, నాలుగు కమిటీలు ఉండాలె: యువకులది, ఆడోళ్లది, వయసు పైబడ్డోళ్లది, ఊర్ల పేరున్నోళ్లది. ఒక్కొక్క దాంట్ల 15 మంది. అంటే అరవై మంది. పేర్లు రాసి పంపుతరు, ఫొటో దిగుతరు, తర్వాత ఎవరు ఏ కమిటీల ఉన్నరో వాళ్లకే తెల్వదు. మీరు, కాలనీ సంఘాలోళ్లు, ఆ కమిటీల చేరి కౌన్సిల్ ఎజెండా కాగితాలు ముందుగాల తెప్పించుకొని చదవండ్రి. మీ గల్లీ పని అందుల ఉన్నదా లేదా చూడండ్రి. పని కొలతలు రాసే ఎంబీ పుస్తకంల ఎంతకు రికార్డ్ అయింది, మోరీ అంత పొడుగు పోసిన్రా, టేపు పట్టి మీరే కొలుసుకోండ్రి. నాకు ఇబ్బంది అయితదని తెలిసే చెప్తున్న. పొద్దుగాల స్వచ్ఛ ఆటో రాలేదని వాట్సాప్‌ల ఫొటో పెట్టుడు కంటె అది పెద్ద పని.

ఇగ నా సంగతి. నా డివిజన్ ఎట్లయితదో, ఎవరికి రిజర్వ్ అయితదో ఇంక తేలలే. నాకు అర్హత లేని రిజర్వేషన్ వస్తే నిలబడ, ఆ జాగకు రావలసినోళ్లు వస్తరు, వాళ్లకు నా దగ్గరున్న ఫైళ్లన్ని ఇస్త. జనరల్ అయితే మాత్రం నిలబడత. పార్టీ బీ-ఫారం మా ఆయన పేరు మీద ఇస్తమన్నా వద్దంట, ఆయన కూడ వద్దంటడు, పేపర్లు దిద్దుకోవాలె. పక్క డివిజన్ సేఫ్ అక్కా, అటు పో అని కొందరు చెప్తున్నరు. పట్నం ఓటర్ల జాబితాల పేరున్నోళ్లు ఏ డివిజన్‌ల అయినా నిలబడొచ్చు, చట్టం ఒప్పుకుంటది. నేను పోను. అరుగు తీయించింది ఇక్కడ, తులసికోట తీయించింది ఇక్కడ. ఆ ఇండ్ల ముందరికే పోయి చేతులు జోడిస్త. ఎయ్యకుంటే ఎయ్యకపోండ్రి, ఓడగొట్టండ్రి. గని ఓడగొట్టేటోళ్లు నేను చేసింది చూసినోళ్లు కావాలె, చూడనోళ్లు కాదు.

ఆఖరికి ఒక పని చెప్పి దిగుత. బల్దియా ఎన్నికలకు వేరే ఓటర్ల జాబితా ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసి డివిజన్ల వారీగ పంచుతరు. పంచేటప్పుడు ఒకే ఇంట్ల అత్త ఒక డివిజన్‌ల, కోడలు ఇంకో డివిజన్‌ల పడుతున్నరు. ముసాయిదా జాబితా పెట్టినంక అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాన తక్కువుంటది, అప్పుడు మనం ఎవరం పోము, పోలింగ్ నాడు బూత్ కాడ నిలబడి కొట్లాడతం. ఈసారి ప్రతి సంఘం నుంచి ఇద్దరు పోయి, మీ గల్లీ ఇంటి నంబర్లు చేతుల పట్టుకొని జాబితా మొత్తం చూడుండ్రి. డివిజన్ల గీతలు మారిస్తే ఆ మ్యాపు మీద కూడ రాసి ఇయ్యండ్రి, నోటితోని చెప్తే లెక్కలకు రాదు, రశీదు తీసుకోండ్రి.

ఇగ ప్రశ్నలు అడగుండ్రి. ఆ వెనక పెద్దాయన మొదటి నుంచి చెయ్యెత్తి పెట్టిండు. మైకు అటు ఇయ్యండ్రి. చెప్పు కాకా... తులసికోట గురించేనా?